నాలుగున్నర అంగుళాల గోడకు రెండు వైపులా: హనుమకొండ ఇంట్లో టీవీ, డెస్క్ వైర్లను సర్దిన పని వివరం

హనుమకొండలో వడ్డేపల్లి వైపు ఉన్న ఒక పాత డాబా ఇంట్లో, హాలు గోడకు బిగించిన 55 అంగుళాల టీవీ చుట్టూ, అదే గోడకు అవతలి గదిలో ఆ ఇంటి కోడలు ఉద్యోగం చేసుకునే డెస్క్ చుట్టూ పేరుకుపోయిన వైర్లను సర్దిన పని గురించి ఈ కేస్ స్టడీ రాస్తున్నాను. ఇంటివారి వివరాలు వదిలేసి, పనికి సంబంధించిన కొలతలు, నిర్ణయాలు, వాటి కారణాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఇస్తున్నాను. ఇళ్లలో వైరింగు చేసే తోటి పనివారికీ, ఇలాంటి పని చేయించుకోబోయేవారికీ ఇది ఉపయోగపడాలన్నది నా ఉద్దేశం.

ఇంటివారు అడిగింది ఒక్కటే: వైర్లు కనిపించకూడదు. ఆ కోరికలో తప్పేమీ లేదు. కానీ దాన్ని అక్షరాలా పాటించి వైర్లన్నిటినీ గోడలోకి తోసి ప్లాస్టరు చేస్తే, వాటిలో ఒక్కటి చెడిపోయినా ఆ గోడను మళ్లీ పగలగొట్టాల్సి వస్తుంది. నా దృష్టిలో వైరు కంటికి దాగితే చాలదు, చేతికి అందాలి. ఏ వైరు ఏ పరికరానిదో ఇంట్లో ఎవరైనా చెప్పగలగాలి. ఒకదాన్ని తీసి మార్చేటప్పుడు పక్కది కదలకూడదు. ఈ ఇంట్లో తీసుకున్న నిర్ణయాలన్నీ ఈ షరతు మీదనే ఆధారపడ్డాయి.

మన దగ్గర ఇలాంటి పనులు పెరగడానికి కారణం ఉంది. 2020 జనవరిలో మడికొండ ఐటీ సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు ప్రారంభమయ్యాయి. ఆ ఏడాదే కరోనా వచ్చి ఉద్యోగం ఇంటికి చేరింది. అంతకుముందు ఒక టీవీ, ఒక సెట్ టాప్ బాక్సు ఉన్న ఇళ్లలోకి ఫైబర్ మోడెం, రెండో మానిటరు, డాక్ (ల్యాప్‌టాప్‌ను ఒకే వైరుతో మానిటర్లకూ నెట్‌కూ కలిపే చిన్న పెట్టె), యూపీఎస్, ప్రింటరు ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాయి. గోడల్లోని వైరింగు మాత్రం గదికి రెండు సాకెట్ల కాలం నాటిదే.

పనికి ముందున్న పరిస్థితి

హాలులో టీవీ కింద చిన్న చెక్క యూనిట్ ఉంది. దాని మీద సెట్ టాప్ బాక్సు, సౌండ్ బార్, ఫైబర్ మోడెం ఉన్నాయి. యూనిట్ వెనుక నేల మీద ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, దానిలోకి గుచ్చిన ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్సు, వాటి మధ్య మూడు అడాప్టర్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. రోజూ తడిబట్టతో నేల తుడిచే ఇంట్లో ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద ఉండటం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. దాని ప్లాస్టిక్ అంచు మీద తడి ఆరిన మరకలు వరుసగా కనిపించాయి. వరంగల్, హనుమకొండ కాలనీల్లో 2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ ఇళ్లలోకి నీళ్లు వచ్చిన సంగతి మనకు తెలుసు కాబట్టి, సాకెట్ అన్నది ఏదీ నేలకు తగలకూడదన్నది నా పనుల్లో మొదటి నియమం.

ఆ ఇంటి పెద్దావిడ దగ్గరికి వచ్చి తన ఇబ్బంది చెప్పారు. "బిడ్డా, టీవీ ఎనుక బూజు దులుపుదామంటె చెయ్యి పెట్టబుద్ధి గాదు. ఏది ముట్టుకుంటె ఏది బందైతదో ఎరుకలేదు." కోడలు మీటింగులో ఉండగా మోడెం ఆగిపోతే ఫోనులో కొడుకు చెప్పినట్టు ప్లగ్ తీసి మళ్లీ పెట్టేది ఆవిడే. ఆవిడ చూపించిన ఆ నల్లటి ప్లగ్‌ల వరుసలో మోడెంది ఏదో నాకు కూడా వైరు పట్టుకుని వెనక్కి వెళ్తే గాని తెలియలేదు.

గోడ మీద ఇంకో సమస్య బయటపడింది. టీవీ నుంచి కిందికి వైరేదీ కనిపించడం లేదు, అంటే లోపలి నుంచి వచ్చిందన్నమాట. ఎంసీబీ (ఆ లైనుకు కరెంటు ఆపే బ్రేకరు) ఆపి టీవీని బ్రాకెట్ నుంచి దించి చూశాం. రంగులు వేయించినప్పుడు ఎవరో టీవీ పవర్ కార్డు ప్లగ్‌ను కోసేసి, వేరే వైరుతో మెలిపెట్టి, టేపు చుట్టి, గాడిలో పెట్టి పుట్టీతో కప్పేశారు. అతుకు దగ్గర టేపు జిగురు వేడికి కరిగి వేలికి అంటుకునేలా తయారైంది. ఒక వైపు రాగి పోగులు రెండు బయటికి పొడుచుకుని వచ్చాయి. హెచ్‌డీఎంఐ వైరును కూడా పైపు లేకుండా నేరుగా పుట్టీలో పూడ్చారు. బొమ్మ అప్పుడప్పుడు ఒక క్షణం మాయమై మళ్లీ వస్తోందని ఇంటివారు చెప్పిన ఫిర్యాదుకు మూలం అక్కడే దొరికింది: టీవీ కింది అంచు దగ్గర ఆ వైరు దాదాపు లంబకోణంలో మడత పడి ఉంది.

పరికరాలతో వచ్చే మెత్తటి కార్డులు గోడలో పూడ్చడానికి తయారైనవి కావు. గోడలో ఉండాల్సింది పైపులో నడిచే వైరింగు వైరు, దాని చివర బాక్సులో బిగించిన సాకెట్. కార్డు ఆ సాకెట్ దగ్గర మొదలై పరికరం దగ్గర ముగియాలి. అతుకు ఉంటే అది మూత తీసి చూడగలిగే బాక్సులోనే ఉండాలి. మన ఊళ్లో టీవీ బిగింపు పనుల్లో ఎక్కువగా పక్కన పెట్టేస్తున్న నియమం ఇదే.

డెస్క్ గదిలో పరిస్థితి ఇంత ప్రమాదకరంగా లేదు గాని గందరగోళం అంతకంటే ఎక్కువ. ఐదడుగుల పొడవు, రెండడుగుల లోతు ఉన్న పార్టికల్ బోర్డు బల్ల మీద రెండు మానిటర్లు, ల్యాప్‌టాప్, డాక్, దీపం ఉన్నాయి; బల్ల కింద యూపీఎస్, లేజర్ ప్రింటరు ఉన్నాయి. వీటన్నిటి వైర్లనూ ఒకే తాడులా కలిపి ప్లాస్టిక్ కేబుల్ టైలతో బిగించి ఉంచారు. మోడెం హాలులో ఉండటంతో నెట్ వైరు తలుపు సందులోంచి వచ్చేది. తలుపు వేసినప్పుడల్లా నలిగి నలిగి దాని పైపొర చిట్లింది. డాక్‌లో నెట్ వేగం చూస్తే గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్లు) రావాల్సిన చోట 100 మెగాబిట్లే చూపిస్తోంది. నెట్ వైరులో నాలుగు జతల తీగలుంటాయి. గిగాబిట్‌కు నాలుగూ కావాలి, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. అందుకే ఆ రెండు కాక మిగిలిన జతల్లో ఒకటి తెగితే నెట్ పూర్తిగా ఆగదు, నెమ్మదిస్తుంది. దాంతో ఎవరూ వైరును అనుమానించరు, నెట్ ఇచ్చే కంపెనీకి ఫోను చేస్తారు.

గోడ మందం

ఇంటి యజమాని మొదట కోరింది, గోడకు గాడి కొట్టి రెండంగుళాల పైపు దించి, వైర్లన్నీ అందులో వేయమని. కొత్తగా కట్టే ఇళ్లలో నేను చెప్పేదీ అదే. టీవీ వెనుక నుంచి యూనిట్ వెనుకకు 50 మిల్లీమీటర్ల పైపు ముందే వేస్తే తర్వాత ఎన్ని పరికరాలు మారినా ఇబ్బంది ఉండదు. చాలామంది 20 లేదా 25 మిల్లీమీటర్ల కరెంటు పైపే వేసి వదిలేస్తారు. హెచ్‌డీఎంఐ పిన్ను ఇనుప భాగం 14 మిల్లీమీటర్ల వెడల్పే అయినా, దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ తలతో కలిపి దాదాపు 20 మిల్లీమీటర్లు అవుతుంది. 25 పైపు లోపలి ఖాళీలో అది నిటారుగా ఎలాగో దిగుతుంది గాని వంపు రాగానే ఇరుక్కుంటుంది. ఆ తర్వాత స్ప్రింగు (పైపులోంచి వైరు లాగే ఉక్కు తీగ) వేసి ఎంత లాగినా వచ్చేది తెగిన వైరే.

కానీ ఈ ఇంట్లో ఆ గోడ నాలుగున్నర అంగుళాలది, అంటే ఒక ఇటుక వెడల్పు, సుమారు 115 మిల్లీమీటర్లు, దానికి రెండు వైపులా ప్లాస్టరు. భారం మోసే గోడల్లో నిలువు గాడి లోతు గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి లోతు ఆరో వంతు దాటకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 1905 చెబుతుంది. ఈ గోడ మీద స్లాబు బరువు లేదు, ఇది గదుల మధ్య అడ్డుగోడ మాత్రమే. అయినా నేను అదే లెక్కను కొలబద్దగా తీసుకున్నాను. మూడో వంతు అంటే 38 మిల్లీమీటర్లు. 50 మిల్లీమీటర్ల పైపు ప్లాస్టరులో కలిసిపోయేలా పెట్టాలంటే అంతకంటే లోతుగా కొట్టాలి. అలా కొడితే ఆ గీత వెంబడి సగం ఇటుకే మిగులుతుంది. పైగా అదే చోట ఇటువైపు టీవీ బ్రాకెట్ బోల్టులు, అటువైపు డెస్క్ గది స్విచ్ బోర్డు ఉన్నాయి. గాడి కొట్టే మిషను అదురుకు అవతలి ప్లాస్టరు ఉబ్బి రాలడం ఇలాంటి గోడల్లో తరచుగా చూసేదే.

అందువల్ల గాడి ఆలోచన వదిలేశాం. మిగిలిన దారులు రెండు. ఒకటి, గోడ మీదే కేసింగ్ క్యాపింగ్ (వైర్లు పెట్టి పైన మూత నొక్కే ప్లాస్టిక్ పట్టీ) బిగించి గోడ రంగు వేయడం. ఇది తక్కువ ఖర్చుతో అయ్యే, ఎప్పుడు కావాలంటే అప్పుడు మూత లాగి వైరు మార్చుకోగల మంచి పద్ధతి. అద్దె ఇళ్లలో నేను ఎప్పుడూ దీన్నే సూచిస్తాను. రెండోది, టీవీ కింద గోడకు రెండంగుళాల చెక్క పట్టీలు కొట్టి, వాటి మీద పలక బిగించి, వెనుక ఏర్పడిన ఖాళీలో వైర్లు నడపడం. హాలు అందంగా ఉండాలన్న పట్టుదల ఇంటివారిలో గట్టిగా ఉండటంతో రెండోదాన్నే ఎంచుకున్నాం. ఈ మధ్య మన దగ్గర హాలు గోడంతా గీతల ప్యానెల్ కప్పేయడం అలవాటుగా మారింది. దానికి నేను ఒప్పుకోలేదు. ఎంత పెద్ద ప్యానెల్ కప్పితే దాని వెనుక చెదలు, చెమ్మ, ఎలుక దారులు అంత ఆలస్యంగా కంటపడతాయి. ఒకటిన్నర అడుగుల వెడల్పున, టీవీ కింది అంచు నుంచి యూనిట్ వరకు మాత్రం పలక పెట్టాం. అందులో నడిమి పలకకు మేకులు లేవు, అయస్కాంతపు పట్టీలే ఉన్నాయి. రెండు చేతులతో పట్టి లాగితే ఊడి వస్తుంది, పెడితే అతుక్కుంటుంది.

టీవీ వైపు

పలక వెనుక ఖాళీని నిలువునా రెండుగా విభజించాం. ఎడమ వైపు 20 మిల్లీమీటర్ల పైపులో కరెంటు వైర్లు: ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల మంట నిరోధక వైర్లు మూడు, వాటిలో ఆకుపచ్చది ఎర్త్. కుడి వైపు హెచ్‌డీఎంఐ, నెట్, డిష్ వైర్లు వెల్క్రో పట్టీలతో వదులుగా పట్టి ఉంటాయి. రెండింటి మధ్య నాలుగు వేళ్ల ఎడం వదిలాం. కరెంటు వైరు, నెట్ వైరు చాలా దూరం ఒకదాన్నొకటి అంటుకుని పక్కపక్కనే నడవకూడదు; దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి. ఈ పొట్టి దూరంలో సిగ్నల్‌కు పెద్ద నష్టం ఉండదన్నది నిజమే. అయినా ఎడం పాటించడానికి నా కారణం భద్రత: నెట్ వైరు మార్చడానికి చేయి పెట్టినవారి వేళ్లకు కరెంటు వైరు తగలకూడదు.

టీవీ వెనుక సాకెట్ ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, పని బాగుపడేదీ చెడేదీ అక్కడే. మన మూడు పిన్నుల ప్లగ్ సాకెట్‌లో గుచ్చాక వైరు వంపుతో కలిపి గోడ నుంచి సుమారు 50 మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది. గోడకు అతుక్కున్నట్టుండే పల్చటి బ్రాకెట్‌లో టీవీకీ గోడకూ మధ్య ఉండేది దానిలో సగమే. టీవీల కింది సగం పైసగం కంటే లావుగా ఉంటుంది కూడా. సాకెట్‌ను సరిగ్గా మధ్యలో, టీవీ లావు భాగం వెనుక పెడితే ప్లగ్ నొక్కుకుపోయి వైరు మెడ దగ్గర విరుగుతుంది. ఇక్కడ టీవీని కిందికి వంచగల బ్రాకెట్ మీదకు మార్చాం, గోడకు ఎడం పెరిగింది. సాకెట్‌ను బ్రాకెట్ పట్టీలకు పక్కగా, టీవీ పల్చటి భాగం వెనుక, గోడలోకి దించిన ఇనుప బాక్సులో బిగించాం. టీవీ అంచు నుంచి చూస్తే సాకెట్ కనిపించదు, పక్క నుంచి చేయి దూరిస్తే ప్లగ్ దొరుకుతుంది.

ఆ సాకెట్‌కు స్విచ్ అక్కడే ఉంటే ఉపయోగం లేదు. స్విచ్‌ను కింద యూనిట్ పక్కన, నిలబడి అందుకునే ఎత్తులో విడిగా ఇచ్చాం. మే, జూన్ నెలల్లో మన దగ్గర సాయంత్రం పూట ఉరుములతో వచ్చే వానలకు టీవీ ఆపేయడం అందరికీ అలవాటే. రిమోట్‌తో ఆపితే టీవీ ఇంకా కరెంటులోనే ఉంటుంది. స్విచ్ చేతికి అందితే ఫేజ్ అయినా తెగుతుంది; న్యూట్రల్, ఎర్త్ తెగవు కాబట్టి పిడుగు ముప్పు తప్పాలంటే ప్లగ్ కూడా తీయాలి. డాబా మీది డిష్ నుంచి వచ్చే వైరు కూడా స్విచ్‌తో తెగదు, దాన్ని సెట్ టాప్ బాక్సు నుంచి విప్పాల్సిందే. అందుకే ఆ వైరు చివరను పలక కింది నుంచి బయటికి వచ్చేలా, మర తిప్పడానికి వేళ్లు ఆడేలా ఉంచాం.

పాత హెచ్‌డీఎంఐ వైర్లను తీసేశాం. సెట్ టాప్ బాక్సు నుంచి టీవీకి ఒకటి, సౌండ్ బార్ నుంచి టీవీలో ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టుకు (టీవీ శబ్దాన్ని సౌండ్ బార్‌కు పంపేది) ఒకటి, రెండూ రెండు మీటర్లవే వేశాం. 4కే బొమ్మ సెకనుకు 60 ఫ్రేములతో రావాలంటే 18 గిగాబిట్లు మోయగల వైరు కావాలి. మామూలు రాగి వైరు ఐదు మీటర్ల లోపు ఆ పని నమ్మకంగా చేస్తుంది. పొడవు మరీ మిగిలితే చుట్ట చుట్టి దాచాల్సి వస్తుంది. చాలకపోతే పోర్టు మీద లాగుడు పడుతుంది. కాబట్టి నేను దారి మొత్తాన్ని తాడుతో కొలిచి, టీవీని ముందుకు వంచడానికి కావలసిన ఒక జానెడు కలుపుకుని వైరు కొనమంటాను. పలక వెనుక పై నుంచి కిందికి నైలాన్ తాడు ఒకటి ఖాళీగా వేలాడదీసి ఉంచాం. రేపు ఇంకో వైరు వేయాలంటే దాని చివరకు కట్టి లాగితే సరిపోతుంది.

డెస్క్ వైపు

గోడ ఒక్కటే కావడం ఈ ఇంటి అదృష్టం. మోడెం ఉన్న యూనిట్‌కు అవతల, ఒకటిన్నర అడుగుల ఎత్తున డెస్క్ వెనుక భాగం వస్తుంది. అక్కడ గోడకు ఆరపార రంధ్రం వేసి 40 మిల్లీమీటర్ల పైపు ముక్క దించాం. అంతకుముందు అటువైపు స్విచ్ బోర్డుకు పైన, కింద నిలువు గీతలో పైపులు పోతాయన్న లెక్కతో ఆ గీత నుంచి పక్కకు జరిగి, వైరు కనిపెట్టే పరికరంతో కూడా ఒకసారి చూసుకుని, ఎంసీబీ ఆపాకనే డ్రిల్ పెట్టాం. ఈ పైపులోంచి కొత్త క్యాట్ 6 రకం నెట్ వైరు ఒకటి డెస్క్‌కు వచ్చింది, కరెంటు వైరును మాత్రం అందులోంచి పంపలేదు. రెండు చివర్లా ఇనుప పీచు కూరాం. పొలాలు కోతకు వచ్చాక ఊరి చివరి ఇళ్లలోకి ఎలుకలు చేరడం మన దగ్గర ఏటా ఉన్నదే. వాటి ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి వైరు తొడుగును కొరకడం వాటికి ఆకలితో సంబంధం లేని అవసరం. ఇనుప పీచు కరెంటును ప్రవహింపజేస్తుంది, కనుక దాన్ని నెట్ వైరు రంధ్రాల్లోనే వాడాలి తప్ప సాకెట్ బాక్సుల దగ్గర ఎప్పుడూ వాడకూడదు.

డెస్క్ విషయంలో నేను పెట్టుకునే లక్ష్యం ఒకటుంది: బల్ల నుంచి గోడకు ఒక కరెంటు కార్డు, ఒక నెట్ వైరు మాత్రమే దిగాలి. బల్ల జరిపి వెనుక ఊడవాలంటే ఆ రెండూ తీస్తే చాలు. దీనికోసం బల్ల కింద వెనుక అంచుకు రంధ్రాల ఇనుప ట్రే బిగించాం. పార్టికల్ బోర్డులో మర మేకు ఒకసారి తీసి పెడితే పట్టు వదిలేస్తుంది, అందులోనూ 18 మిల్లీమీటర్ల పలకకు పొడుగు మేకు వాడితే మొన పైకి వస్తుంది. అందువల్ల మేకులు వదిలేసి, మానిటర్ల అడుగు పీటలు కప్పే చోట్ల పలకకు ఆరపార రంధ్రాలు చేసి నట్టు బోల్టులు వేశాం. ట్రే లోపల ఎనిమిది సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటే ఉంది, దాన్ని సాకెట్లు గది వైపు తిరిగేలా పక్కకు నిలబెట్టి బిగించాం. మోకాళ్ల మీద కూర్చుంటే ప్రతి ప్లగ్ ఎదురుగా కనిపిస్తుంది. మానిటర్లు, డాక్, ల్యాప్‌టాప్ చార్జరు, దీపం అన్నీ కలిపినా ఆరు ఆంపియర్ల సాకెట్ మోసే దాదాపు 1,380 వాట్లలో ఒక మూల కూడా నిండదు. కానీ లేజర్ ప్రింటరు ఆ లెక్కలోకి రాదు. కాగితం మీది పొడిని కరిగించే రోలరు వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది, అందుకే దాన్ని యూపీఎస్ నుంచి తప్పించి నేరుగా గోడ సాకెట్‌కే ఇచ్చాం.

వేడి గురించి ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వైర్లు దాచే పెట్టెలంటూ బజారులో దొరికే మూత ప్లాస్టిక్ డబ్బాలు చూడటానికి చక్కగా ఉంటాయి గాని, వరంగల్ ఎండలకు అవి సరిపోవు. ఏసీ లేని గదిలో మే నెల మధ్యాహ్నం గాలి ఉష్ణోగ్రతే 40 డిగ్రీలకు చేరొచ్చు. అడాప్టరు పని చేస్తూ తన వేడిని ఆ గాలిలోకే వదలాలి. మూత డబ్బాలో నాలుగు అడాప్టర్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే ఆ వేడి పోయే దారి ఉండదు, లోపలి కెపాసిటర్లు ముందుగా ఎండిపోతాయి, అడాప్టరు రావాల్సినంత కాలం రాకుండా ముందే పోతుంది. రంధ్రాల ట్రే అయితే గాలి కింది నుంచి పైకి ఆడుతుంది. అడాప్టర్ల మధ్య వేలు పట్టేంత ఎడం ఉండేలా వాటిని ట్రేకి వెల్క్రోతో కట్టాం. మిగులు కార్డులను బిగుతుగా చుట్టకుండా పొడుగాటి మడతలుగా వదిలాం. ఎక్కువ కరెంటు మోసే కార్డును బిర్రుగా చుట్ట చుడితే ఆ చుట్ట లోపల వేడి నిలిచిపోతుంది.

ప్లాస్టిక్ కేబుల్ టైలన్నీ కోసేశాం. వాటిని బిగించడం తేలికే, విప్పాలంటే బ్లేడు పెట్టాలి, బ్లేడు జారితే పక్క వైరు తెగుతుంది. నెట్ వైరు మీద వాటిని బిర్రుగా లాగితే లోపల మెలిపెట్టిన జతల ఆకారమే నలిగిపోతుంది. వెల్క్రో పట్టీ వేలితో విప్పొచ్చు, మళ్లీ పెట్టొచ్చు.

బల్ల మీదికి వైర్లు ఎక్కడానికి వెనుక అంచు దగ్గర 60 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, హార్డ్‌వేర్ షాపుల్లో వైర్ మేనేజర్ అని అమ్మే మూత పెట్టాం. సన్‌మైకా ఉన్న బల్లకు రంధ్రం వేసేటప్పుడు పైన టేపు అతికించి, పై నుంచే కోత మొదలుపెట్టి, కింద ఒక చెక్క ముక్కను ఆనించి పట్టుకుంటే అంచు పెచ్చులు లేవదు. డాక్‌ను మాత్రం ట్రేలో దాచలేదు. ల్యాప్‌టాప్‌కు పోయే యూఎస్‌బీ-సీ వైరు పొట్టిది, ఎక్కువ వేగం మోసేవి మామూలుగా ఒక మీటరు లోపే ఉంటాయి. దాన్ని దాచడానికి పొడిగింపు వైరు వేస్తే మానిటర్లు ఆరిపోయి వెలగడం మొదలవుతుంది. డాక్ బల్ల మీదే, మానిటరు వెనుక ఉంది.

ఫైబర్, డిష్ వైర్లు

మోడెంలో ఎర్ర లైటు అప్పుడప్పుడు మెరుస్తోందన్న ఫిర్యాదు కూడా ఈ పనితోనే తీరింది. ఫైబర్ వైరును పాత కట్టలో కరెంటు వైర్లతో కలిపి టైతో బిగించడంతో అది మూల దగ్గర చిటికెన వేలి మందాన మడిగి ఉంది. ఫైబర్‌లో నడిచేది వెలుగు, మడత దగ్గర అది గాజు తీగ పక్కల నుంచి బయటికి కారిపోతుంది. ఇళ్లకు వేసే రకాల్లో వంపును తట్టుకునేవి ఉన్నా, వాటికీ 7.5 నుంచి 10 మిల్లీమీటర్ల వ్యాసార్థం హద్దు. నేను మూడు సెంటీమీటర్ల కంటే తక్కువ వంపు ఎక్కడా ఇవ్వను. మోడెం పేజీలో అందే వెలుగు చూస్తే మైనస్ 27 డీబీఎం (వెలుగు బలానికి కొలత; సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ) దగ్గర కొట్టుకుంటోంది, చాలా మోడెంలకు అదే ఆఖరి హద్దు. టై కోసి వైరును వదులు చేశాక మైనస్ 21కి వచ్చి నిలిచింది. ఈ వైరును పలక వెనుకకు పంపలేదు, స్కర్టింగ్ పైన సన్నటి కేసింగ్‌లో బయటే నడిపించాం. నెట్ కంపెనీ పనివాడు వచ్చినప్పుడు పలక ముట్టకుండా తన వైరును తాను చూసుకోగలగాలి.

డిష్ వైరు బయటి గోడలోంచి వచ్చే రంధ్రం లోపలి వైపుకు వాలి ఉండటంతో వానాకాలంలో వైరు వెంట నీళ్లు హాలులోకి వచ్చేవి. రంధ్రాన్ని బయటికి వాలేలా సరిచేసి, గోడలో దూరే ముందు వైరును కిందికి ఒక వంపు తిప్పాం. నీటి చుక్క ఆ వంపు అడుగున రాలిపోతుంది.

అప్పగింత, ఆ తర్వాత

ప్రతి వైరుకూ రెండు చివర్లా తెలుగులో పేరు రాసిన చీటీ చుట్టి, పైన పారదర్శక టేపు వేశాం. 'మోడెం', 'సెట్ టాప్', 'సౌండ్ బార్', 'కోడలు నెట్'. ఆ ఆఖరి పేరు పెద్దావిడ పెట్టిందే. అమ్మా, మోడెం ప్లగ్ ఒకసారి తీసి పెట్టండి అని అడిగితే, ఆవిడ చీటీ చదివి, తీసి, కాసేపు ఆగి పెట్టి చూపించారు. టీవీ ఆరలేదు, సౌండ్ బార్ కదలలేదు. నాకు అదే అసలు పరీక్ష. ఆ తర్వాత ఎర్త్ ఉందా లేదా, ఫేజ్ కుడి వైపునే వచ్చిందా అని ప్రతి సాకెట్‌నూ మల్టీమీటరుతో చూశాం; న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు వోల్టుల లోపే వచ్చింది. డాక్‌లో నెట్ గిగాబిట్ చూపించింది.

సర్దడానికి ముందు, తర్వాత తీసిన ఫోటోలను కాగితం మీద ముద్రించి, ఏ వైరు ఎటు పోతుందో గీసిన బొమ్మతో కలిపి యూనిట్ తలుపు లోపల అతికించాం. ఇంటివారికి నోటితో చెప్పింది ఏడాదికి గుర్తుండదు.

మరుసటి ఎండాకాలం వెళ్లి చూసినప్పుడు ట్రేలోని అడాప్టర్లు మధ్యాహ్నం పూట వెచ్చగా ఉన్నాయి గాని చేయి ఆనించి ఉంచగలిగేంతే. పలక వెనుక చీమల బారు ఒకటి పైకి పోయింది. సాకెట్ బాక్సు అంచున సందు సిలికాన్‌తో మూశాం. సెట్ టాప్ బాక్సు చెడితే ఆ కంపెనీ కుర్రాడు వచ్చి నడిమి పలక తీసి, చీటీ చూసి, మార్చి పెట్టి వెళ్లాడని, తమను పిలవలేదని ఇంటి యజమాని చెప్పారు.

ఈ ఇంట్లో ఇంకా మిగిలిన పని ఒకటుంది. సాకెట్ల లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపే బ్రేకరు) పెట్టాలి. తడి నేల ఉండే ఇంట్లో అది లేకుండా వదలడం నాకు ఇష్టం లేదు. కానీ పాత వైరింగులో ఇన్వర్టరు లైన్ల న్యూట్రల్, కరెంటు లైన్ల న్యూట్రల్ గది గదికీ కలిసిపోయి ఉన్నాయి. ఆర్‌సీసీబీ పెడితే వెళ్లిన కరెంటు అదే దారిన తిరిగి రాక, లోపం లేకపోయినా అది పడిపోతూ ఉంటుంది. ముందు స్విచ్ బోర్డులు ఒక్కొక్కటీ విప్పి న్యూట్రళ్లను వేరు చేయాలి. డెస్క్ గది బోర్డు వరకు ఆ పని అయింది. హాలు, వంటగది బోర్డులు ఇన్వర్టరు బ్యాటరీ మార్చే సమయానికి పెట్టుకున్నాం.